పాత సైకిలుకో భాషుంది!

"పాత ఇనప సామాన్లు కొంటాం... పాత పేపర్లు, సీసాలు కొంటాం..." వీధిలో ఈ కేక వినపడగానే మనలో చాలామందికి చటుక్కున గుర్తొచ్చేది పెరటి గోడకు ఆనించిన పాత సైకిలే. తొక్కేవాళ్లు లేరు. టైర్లు బీటలు వారాయి. సీటు తోలు ఎండి వంకర తిరిగింది. చీకటి పడితే హ్యాండిల్ మీద కోళ్లు కునుకు తీస్తాయి. పండక్కి ఇల్లు సర్దుకుంటుంటే అదొక అడ్డం. "పట్టుకుపో నాయనా" అనేస్తే పీడా పోతుందనిపిస్తుంది.

ఒక్క నిమిషం ఆగండి! మీరు పీడ అనుకునే ఆ సైకిలు కోసమే ఊళ్లు పట్టుకుని వెతికేవాళ్లున్నారు. పాత చీరల అంచుల్ని చూసి మురిసిపోయే వాళ్లున్నట్టే పాత సైకిలు గంటను చూసి మురిసిపోయే వాళ్లూ ఉన్నారు. వాళ్లకో ప్రత్యేకమైన భాష ఉంది. మన సైకిలు షాపు మిస్త్రీకి ఇంకో భాష ఉంది. ఇక మన ఇళ్లలో పుట్టిన మాటలు మూడోది. ఈ మూడూ తెలిస్తే గోడకానిన ఆ వస్తువు ఇనుమో, కాదో మీకే అర్థమవుతుంది.

కొట్టంలో దొరికిన నిధి

ముందు సైకిలు ప్రియుల భాష చూద్దాం. ఇంగ్లండులో పాత సైకిళ్ల వాళ్లకని 1955లోనే ఒక క్లబ్బు మొదలైంది. మన దేశంలో పుణేలో విక్రమ్ పెండ్సే సైకిల్స్ అని ఏకంగా ఒక మ్యూజియమే ఉంది. ఇలాంటి చోట్ల వినపడే మాటలు సరదాగా ఉంటాయి.

"బార్న్ ఫైండ్" అంటే కొట్టంలో దొరికినది. ఏళ్ల తరబడి గడ్డివాము పక్కనో, అటక మీదో దుమ్ము కొట్టుకుపోయి, ఎవరూ చెయ్యి పెట్టకుండా మిగిలిన సైకిలు. మీ పెరట్లో ఉన్నది సరిగ్గా అదే! ఏళ్ల వాడకంతో రంగు వెలిసి, అక్కడక్కడా గీతలు పడి వచ్చే పాతదనపు నిగారింపు "పటీనా". అమ్మమ్మగారి ఇత్తడి బిందెకుంటుందే, ఆ కళ లాంటిదన్నమాట. ఆ కళ పోకుండా, కొత్త రంగు వెయ్యకుండా, నూనె గుడ్డతో మాత్రమే తుడిచి కాపాడే పద్ధతి "ఆయిలీ ర్యాగ్". ఒక సైకిలు చక్రం, ఇంకోదాని హ్యాండిల్, మరోదాని సీటు కలిపి బిగించిన అతుకుల బొంత "బిట్సా". ఎప్పుడో తయారై, అమ్ముడుపోక, పెట్టెలో అలాగే ఉండిపోయిన కొత్త సామాను "ఎన్.ఓ.ఎస్."

మన తాతలు తొక్కిన నల్లటి ఎత్తు సైకిలుకు వాళ్లు పెట్టిన ముద్దుపేరు "సిట్ అప్ అండ్ బెగ్". కుక్కపిల్ల వెనక కాళ్ల మీద కూర్చుని, ముందు కాళ్లెత్తి రొట్టెముక్క అడుగుతుంది చూశారా? నిటారుగా కూర్చుని హ్యాండిల్ పట్టుకున్న మనిషి అలా కనిపించాడట!

ఇంకో మాట చెబితే నవ్వుతారు. మనిషికి ఎన్ని సైకిళ్లుంటే చాలు? "ఎన్ ప్లస్ వన్" అంటారు వాళ్లు. అంటే ఇప్పుడున్నవాటి కంటే ఇంకొక్కటి. మన చీరల లెక్కే కదూ! దానికో జవాబూ ఉంది, "ఎస్ మైనస్ వన్". ఎన్ని కొంటే భార్య ఇల్లొదిలి వెళ్లిపోతుందో దానికి ఒకటి తక్కువ!

మిస్త్రీ నోట వంటింటి మాటలు

ఇక మన షాపుకు వద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరులో వేరు వేరు జిల్లాలయ్యాయి గానీ అంతకు ముందు అంతా పాలమూరే. 1948 దాకా ఇది నిజాం ఏలుబడిలోని నేల. గద్వాల, వనపర్తి ఆ ఏలుబడి కింద ఉన్న సంస్థానాలు. కచేరీల్లో, బజార్లలో ఉర్దూ నడిచిన చోటు కాబట్టి చేతిపనుల వాళ్ల మాటల్లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలిసిపోయాయి. సైకిలు షాపు అందుకు మంచి ఉదాహరణ.

ఉర్దూ, హిందీ మాట్లాడే మిస్త్రీలకు ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల ఫోర్కు "చిమ్టా". మనం రొట్టె కాల్చేటప్పుడు పట్టుకునే పట్టకారే! లోపల బేరింగు గోలీలు కూర్చునే చిన్న గిన్నె "కటోరీ". పేర్లు వింటే సగం సైకిలు వంటింట్లోనే తయారైందా అనిపిస్తుంది.

అన్నిటికంటే తమాషా మాట "కుత్తే ఫెయిల్". అంటే కుక్కలు ఫెయిలయ్యాయని. వెనక చక్రానికుండే ఫ్రీవీల్ లోపల చిన్న చిన్న నాలుకలు ఉంటాయి. అవి పళ్లను కరిచిపట్టుకుంటేనే మనం తొక్కిన బలం చక్రానికి అందుతుంది. అరిగిపోయో, మురికి పట్టో అవి కరవడం మానేస్తే పెడల్ ఉత్తినే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. కరిచేవి కాబట్టి కుక్కలు! తొక్కకుండా వదిలేసినప్పుడు వినిపించే టిక్‌టిక్ చప్పుడు ఈ కుక్కలదే.

ఇంగ్లీషు "ఓవర్‌హాలింగ్" షాపు గడప దాటగానే "ఓవరాయిలింగ్" అయిపోయింది. అన్నీ విప్పి, కడిగి, చివరికి నూనె పోస్తారు కదా, ఆ పేరే సబబు అనుకున్నారేమో! స్పోకులు మనవాళ్లకు "పుల్లలు". పాత సైకిలుకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలు ఉంటాయి. బరువంతా వెనక పడుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ. ఈసారి లెక్కపెట్టి చూడండి.

కైంచీ, డబల్స్, సైకిల్ టాక్సీ

మూడో భాష మన వీధుల్లో పుట్టింది. కాళ్లు అందని పిల్లలు సీటెక్కకుండా, బారు కింద నుంచి ఒక కాలు అవతలికి దూర్చి సగం సగం తొక్కేవాళ్లు గుర్తుందా? అది "కైంచీ". కైంచీ అంటే కత్తెర. కాళ్లు రెండూ ఆ ఆకారంలో పడతాయి మరి. మోకాలు చిప్ప పగలకుండా కైంచీ నేర్చుకున్నవాళ్లు ఉన్నారంటారా?

గంటకింతని సైకిలు కిరాయికిచ్చే షాపు "సైకిల్ టాక్సీ". వెనక ఒకరిని ఎక్కించుకుంటే "డబల్స్", ముందు బారు మీద ఇంకొకరుంటే "ట్రిపుల్స్". పంచాయతీకో, మున్సిపాలిటీకో పన్ను కట్టి తెచ్చుకునే రేకుముక్క "లైసెన్సు బిళ్ల".

బడిపంతులు, పోస్టుమాన్, పాలు పోసేవాళ్లు, కల్లుకుండలు కట్టుకొచ్చే గౌడు, బట్టల మూటతో ఊరూరా తిరిగే వ్యాపారి - వీళ్లందరి బతుకూ రెండు చక్రాల మీదే నడిచింది. తొక్కడం అయిపోయాకా చక్రం ఊరుకోలేదు. చేనేత ఇళ్లలో కండెలు చుట్టే రాట్నానికి పాత సైకిలు రిమ్ము బిగించుకోవడం మామూలే. గద్వాల, రాజోలి వైపు మగ్గాల నేలలో ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లు రోడ్డు మీద తిప్పిన చక్రాన్ని ఆడవాళ్లు ఇంట్లో తిప్పారన్నమాట!

అసలింతకీ ఆ సైకిలు ఎవరిది?

ఇక్కడే అసలు మాట ఉంది. మన పల్లెల్లో ఒకప్పుడు పెండ్లి మాటలంటే సైకిలు, చేతి గడియారం, రేడియో లేకుండా తెమిలేవి కావు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఈ ముచ్చట ఆగలేదు. "అల్లునికి ర్యాలీ సైకిల్ పెట్టినం" అని చెప్పుకోవడం గొప్ప. అది పెట్టడానికి ఏ తండ్రి వడ్లు అమ్మాడో, ఏ తల్లి చెవికమ్మలు కుదువ పెట్టిందో ఆ ఇంటి ఆడపిల్లకే తెలుసు. విచిత్రమేమిటంటే ఆమె పేరు మీద వచ్చిన సైకిలును ఆమె తొక్కిందే లేదు. ఎక్కితే వెనక క్యారేజీ మీద, చంకలో బిడ్డతో!

పక్క రాష్ట్రంలో ఇంకో కథ జరిగింది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పించారు. కూలి పనుల వాళ్లు, పొలాల్లో పనిచేసే వాళ్లు, అంగన్‌వాడీ వాళ్లు వేలకు వేలమంది నేర్చుకున్నారు. అక్కడ కొందరు లేడీస్ సైకిలు కంటే జెంట్స్ సైకిలే నయమన్నారట. ఎందుకో తెలుసా? ముందు బారు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చని! ఏ బారు అడ్డమని మనల్ని ఎక్కనివ్వలేదో, ఆ బారే వాళ్లకు ఉయ్యాలైంది.

సైకిలు ప్రియుల భాషలో ఇంకో మాట ఉంది, "ప్రావెనెన్స్". అంటే ఆ సైకిలు ఎక్కడ కొన్నారు, ఎవరు తొక్కారు, ఎన్ని చేతులు మారిందన్న చరిత్ర. అది ఉన్న సైకిలును వాళ్లు వేరుగా చూస్తారు. ఆ చరిత్ర ఏ కాగితంలోనూ ఉండదు. మీ అత్తగారి నోట్లోనో, అమ్మమ్మ నోట్లోనో ఉంటుంది. మిస్త్రీకి ఇనుము తెలుసు, కొనేవాడికి కంపెనీ తెలుసు, కథ తెలిసింది మాత్రం ఇంటి ఆడవాళ్లకే. అది చెప్పకుండా తూకానికి వేస్తే పోయేది ఇనుమొక్కటే కాదు.

మీ సైకిలు ఏ ఇంటి బిడ్డ?

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒక గుడ్డ తీసుకుని దుమ్ము తుడవండి. పెడల్ దగ్గరున్న పెద్ద పళ్ల చక్రాన్నీ, హ్యాండిల్ కింద ముందు వైపు బిళ్లనూ చూడండి.

* పళ్ల చక్రంలో కొంగ తలలు కనిపిస్తే అది రాలీ, అదే మన "ర్యాలీ". ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1887లో పుట్టిన పేరు. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలోనే బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ తయారు చేసింది. కాబట్టి బిళ్ల మీద ఊరి పేరు చదవండి.

* బిళ్ల మీద మూడు తుపాకులు నిలబెట్టి ఉంటే బి.ఎస్.ఏ. మొదట తుపాకులు చేసిన బర్మింగ్‌హామ్ కంపెనీ అది.

* తెరిచిన అరచెయ్యి ఉంటే రడ్జ్. ముందు ఫోర్కు ఒక్కో వైపు జంట గొట్టాలతో ఉంటే హంబర్.

* హెర్క్యులిస్, ఫిలిప్స్ పేర్లు ఇంగ్లండువే అయినా, 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మొదలైన టి.ఐ. సైకిల్స్ వాటిని ఇక్కడే తయారు చేసింది. అట్లాస్ 1951లో సోనీపట్‌లో, హీరో 1956లో లూధియానాలో మొదలయ్యాయి. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లో మూతపడింది, అదీ సరిగ్గా ప్రపంచ సైకిల్ దినమైన జూన్ 3న!

* వెనక చక్రం మధ్యన లావుపాటి హబ్బు మీద స్టర్మీ-ఆర్చర్ అని ఉంటే అది మూడు గేర్ల హబ్బు. పేరు పక్కన చిన్న అంకెలుంటే అవి చాలాసార్లు తయారైన సంవత్సరం, నెల. అంటే జాతకం దాని ఒంటి మీదే ఉందన్నమాట.

ఇవి గుర్తుంచుకోండి

* బిళ్ల ఇత్తడిదని చింతపండు పెట్టి తోమకండి. దాని మీద రంగు పోతే మళ్లీ రాదు. పొడి మెత్తటి గుడ్డ చాలు.

* పైపై తుప్పుకు ఉప్పుకాగితం వాడొద్దు. కుట్టుమిషన్ నూనె కాస్త గుడ్డకు అద్ది, ముందు కనపడని మూల రుద్ది చూసి, ఆ తర్వాత మిగతాది తుడవండి.

* తోలు సీటును నీళ్లతో కడగొద్దు, ఎండలో పెట్టొద్దు, కొబ్బరినూనెలో నానబెట్టొద్దు. నూనె ఎక్కువైతే తోలు సాగి కుంగిపోతుంది.

* బిగుసుకుపోయిన నట్టును సుత్తితో కొట్టించకండి. నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. నాటింగ్‌హామ్ రాలీల్లో చాలా మరలకు అంగుళానికి 26 చుట్లు ఉంటాయి, మామూలు సైకిళ్లకు 24. కొత్త సామాను దానికి పట్టదు కాబట్టి పాతది పారేయకండి.

* "గంట ఒక్కటి ఇవ్వమ్మా, బిళ్ల ఒక్కటి ఇవ్వమ్మా" అని అడిగితే విడివిడిగా ఇవ్వకండి. దీపం, గంట, బిళ్ల, లైసెన్సు రేకు అన్నీ కలిసి ఉంటేనే సైకిలుకు విలువ.

* అమ్మాలనే నిర్ణయించుకుంటే తూకం మాట రానివ్వకండి. "ఇది పలానా కంపెనీది, పలానా పెండ్లికి వచ్చింది" అని మొదలుపెట్టండి. బేరం తీరే మారుతుంది.

ప్రతి పాత సైకిలూ లక్షలు పలుకుతుందని కాదు. మామూలు సైకిళ్లే ఎక్కువ. అయినా అమ్మినా, ఉంచుకున్నా ఒక్క పని మాత్రం చేయండి. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని "ఈ సైకిలు ఎట్ల వచ్చిందత్తమ్మా?" అని అడగండి. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే పిల్లల పాత నోటుబుక్కులో రాసి పెట్టండి. ఇనుము ఎప్పుడైనా దొరుకుతుంది. ఆవిడ చెప్పే ఆ మాటలు మళ్లీ దొరకవు.