ఓజోన్ కవచం – నిదాన పరివర్జనం

పామూరు ప్రాంతంలో పొగాకు, కంది చేలలో దినమంతా శ్రమించే రైతులు కంటి శుక్లాలతో, కమిలిన చర్మంతో నా వద్దకు వస్తుంటారు. "ఆకాశంలో ఓజోన్ పొరకు చిల్లు పడిందట, అందువల్లనేనా అయ్యా?" అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ సందేహం విచారింపదగినది.

ఓజోన్ అనగా నేమి?

భూమికి సుమారు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ వాయువు అధికంగా ఉంటుంది. దానినంతటినీ నేలమట్టానికి తెచ్చి అదిమితే మందం సుమారు 3 మిల్లీమీటర్లే. హానికరమైన అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డగించేది ఈ పలుచని కవచమే.

హాని ఎట్లు కలిగినది?

లోగడ ఫ్రిజ్‌లలోను, స్ప్రే డబ్బాలలోను, ఉబ్బసరోగుల ఇన్‌హేలర్లలోను వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు వర్షానికి కరిగి దిగవు. ఏండ్ల తరబడి మెల్లగా పైకి చేరి, అచటి తీవ్రకిరణాలకు విచ్ఛిన్నమై క్లోరిన్‌ను విడుదల చేస్తాయి. ఒక్క క్లోరిన్ పరమాణువు తాను తరగకుండా దాదాపు లక్ష ఓజోన్ అణువులను నశింపజేయగలదు. 1974లో మోలినా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు ఈ ప్రమాదాన్ని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికాపై క్షీణత లోకానికి వెల్లడైనది. 1987, 1990లలో హైదరాబాదు నుండి ఎగురవేసిన బెలూన్లు సేకరించిన పై గాలిలోనూ ఈ వాయువులు కనిపించాయి. ఎక్కడ విడిచినా గాలి అందరిదీ కదా!

రైతుల సందేహానికి సమాధానం

మన వంటి ఉష్ణమండలంపై ఓజోన్ క్షీణత స్వల్పం. సూర్యుడు నడినెత్తిన ఉండుటచే ఇచట ఆ కిరణాలు సహజంగానే బలమైనవి. శుక్లాలకు వయస్సు, మధుమేహం, పొగత్రాగుట కూడ కారణాలే. అయితే ఆ రసాయనాల వాడుక ఆగకపోయి ఉంటే ఈ కవచం అంతటా పలుచబడేది.

వ్యాధికారణాన్ని తొలగించుటయే ప్రథమ చికిత్స అని ఆయుర్వేదం చెబుతున్నది. లోకం చేసినదీ అదే. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది. 2008లో మన దేశంలో ఈ రసాయనాల ఉత్పత్తి నిలిచింది. కాని వీటిలో ఒక రకం ఆయుర్దాయం దాదాపు 100 ఏండ్లు. అందుచేత కవచం 1980 నాటి స్థితికి చేరుటకు చాలా ప్రాంతాలపై సుమారు 2040 వరకు, అంటార్కిటికాపై 2066 వరకు పట్టునని నిపుణుల అంచనా.

పాటించవలసినవి

* ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు ఎండలో పనిని వీలైనంత తగ్గించాలి. తలపాగా, నిండుచేతుల నూలు చొక్కా ధరించాలి.
* మజ్జిగ, సుగంధి పానకం దాహతాపాన్ని శమింపజేస్తాయి; కిరణాలను ఆపవు.
* చూపు మసకబారితే కంటిలో పసర్లు పోయక నేత్రవైద్యుని సంప్రదించాలి.
* పాత ఫ్రిజ్, ఏ.సి.ల మరమ్మతులో గ్యాసును గాలిలోకి వదలవద్దని మెకానిక్‌కు చెప్పాలి.