ఐదు సెంట్ల నాణెం, ఆరు మెట్లు

విద్యార్థులారా! ముందుగా ఒక చిన్న లెక్క. అమెరికాలోని డెన్వర్ టంకసాల 1950లో ఐదు సెంట్ల నాణేలను 26,30,030 మాత్రమే తయారు చేసింది. శాన్ ఫ్రాన్సిస్కో టంకసాల 1953లో అదే రకం నాణేలను 1,92,10,900 తయారు చేసింది. అంటే మొదటి వాటికి ఏడు రెట్లకు పైగా అన్నమాట. ఈ రెండింటిలో, గీత గీతా స్పష్టంగా అచ్చుపడిన కొత్త నాణెం దొరకడం దేనిలో ఎక్కువ కష్టం?

"తక్కువ తయారైన మొదటిదే" అని మీరు అనుకొని ఉంటారు. లెక్క ప్రకారం అలాగే ఉండాలి. కాని జవాబు రెండవది! 1950 నాటి డెన్వర్ నాణేలు తక్కువగా ఉన్నాయని ఆ రోజుల్లోనే అందరికీ తెలిసిపోయింది. జనం వాటిని వాడకుండా పొట్లాలు పొట్లాలుగా దాచిపెట్టారు. కాబట్టి ఈనాటికీ కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. 1953 నాటి శాన్ ఫ్రాన్సిస్కో నాణేలలో కూడా వాడనివి చాలా మిగిలాయి. అయితే వాటిలో బొమ్మ పూర్తిగా తేలినవి బహు అరుదు. అలాంటి నాణేనికి వేల డాలర్లు చెల్లించిన వారున్నారు. ఇంతకూ వారు ఆ నాణెంలో చూసేదేమిటి? కేవలం మెట్లు!

నికెల్ అనే నాణెం

ఐదు సెంట్ల నాణేన్ని అమెరికావారు "నికెల్" అంటారు. పేరు నికెల్ అయినా అందులో నికెల్ పాలు 25 శాతమే. మిగిలిన 75 శాతం రాగి. ఈ మిశ్రమలోహాన్ని కుప్రొనికెల్ అంటారు. నాణెం బరువు సరిగ్గా 5 గ్రాములు, వ్యాసం 21.21 మిల్లీమీటర్లు. ఒక తమాషా కూడా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నికెల్ లోహం యుద్ధ అవసరాలకు కావలసి వచ్చింది. అందుచేత 1942 చివరి నుండి 1945 వరకు ఈ నాణేన్ని 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసుతో చేశారు. నికెల్ లేని నికెల్ అన్నమాట!

1938 నుండి దీని మీద అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ బొమ్మ ఉంటోంది. వెనుక వైపున వర్జీనియా రాష్ట్రంలో ఆయన స్వయంగా రూపకల్పన చేసుకున్న ఇల్లు మాంటిసెల్లో ఉంటుంది. 2004, 2005 సంవత్సరాలలో మాత్రం ఇంటికి బదులు వేరే బొమ్మలు వేశారు. ఈ ఇంటిని నాణెం మీదకు ఎక్కించిన శిల్పి జర్మనీ నుండి వలస వచ్చిన ఫెలిక్స్ ష్లాగ్. ప్రభుత్వం పెట్టిన పోటీలో ఆయన నమూనా గెలిచింది. ఆయన మొదట ఇంటిని ఒక మూల నుండి చూచినట్లు చెక్కాడు. అధికారులు ఎదురుగా చూచినట్లు మార్చమన్నారు. అలా ఇంటి ముందున్న మెట్లు నాణెం మధ్యకు వచ్చాయి. సేకర్తల కష్టాలు అక్కడే మొదలయ్యాయి!

నాణెం మీద ఆరు మెట్లుంటాయి. వెంట్రుకల్లాంటి గీతలు. 1938 నాటి అచ్చులో అవి వంకరటింకరగా ఉండేవి. 1939లో వాటిని తిన్నగా దిద్దారు.

టంకసాలలో ఏం జరుగుతుంది?

కుప్రొనికెల్ రేకు నుండి ముందుగా గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. రేకును సాగదీసినప్పుడు లోహం గట్టిపడి ఉంటుంది. కాబట్టి బిళ్ళలను కొలిమిలో బాగా వేడిచేసి మెత్తబరుస్తారు. తరువాత కడిగి, అంచు కాస్త పైకి లేచేటట్లు ఒత్తుతారు. అప్పుడు బిళ్ళ ముద్రణ యంత్రంలోకి వెళుతుంది.

యంత్రంలో రెండు ఉక్కు అచ్చులుంటాయి. ఒకదానిలో బొమ్మ, రెండవదానిలో బొరుసు లోపలికి చెక్కి ఉంటాయి. రెండు అచ్చుల మధ్య చిక్కిన బిళ్ళ మీద కొన్ని పదుల టన్నుల బరువుకు సమానమైన బలం పడుతుంది. లోహం కరగదు. ఘనపదార్థంగా ఉంటూనే మైనంలా జరిగి, అచ్చులోని గుంటల్లోకి దూరుతుంది. గుంట ఎంత లోతుగా ఉంటే నాణెం మీద ఆ భాగం అంత ఎత్తుగా లేస్తుంది.

మెట్లు ఎందుకు మాయమవుతాయి?

అమెరికా నాణేన్ని చేతిలోకి తీసుకొని జెఫర్సన్ తల నిటారుగా ఉండేటట్లు పట్టుకోండి. పుస్తకం పేజీ తిప్పినట్లు పక్కకు తిప్పితే ఇల్లు తలకిందులుగా కనిపిస్తుంది. క్యాలెండరు కాగితం తిప్పినట్లు పై అంచు నుండి కిందికి తిప్పితేనే ఇల్లు నిలబడుతుంది. దీనిని బట్టి మెట్లకు వెనుక ఏముందో మీరే చెప్పగలరు. మెట్లు మధ్యభాగానికి కొంచెం కింద ఉంటాయి. కాబట్టి వాటికి వెనుక వైపు మధ్యకు కొంచెం పైన ఉన్నది జెఫర్సన్ తల. అక్కడ అచ్చు లోతైనది.

లోహం సులువైన దారి వెదుక్కుంటుంది. లోతైన, వెడల్పైన తల గుంటలోకి అది ముందుగా జరుగుతుంది. ఆ గుంట నిండేలోపల దానికి ఎదురుగా ఉన్న సన్నని మెట్ల గీతల్లోకి దూరడానికి చాలినంత ఒత్తిడి ఉండదు. ఆఖరుకు మిగిలిన ఒత్తిడిలోనే మెట్లు పడాలి.

మరి బలం పెంచితే సరిపోదా అని అడుగుతారు. సరిపోతుంది. అయితే కుప్రొనికెల్ గట్టి లోహం. ఎక్కువ బలంతో కొడితే ఉక్కు అచ్చులే త్వరగా అరిగి, పగులుతాయి. కోట్ల నాణేలు చేయవలసిన టంకసాలకు అచ్చు ఎక్కువ కాలం మన్నడం ముఖ్యం. అందుకని రెండు అచ్చుల మధ్య ఎడం ఒక పిసరు పెంచుతారు. నాణెం చెల్లుతుంది. మెట్లు మాత్రం కలిసిపోయి జారుడుబల్లలా తయారవుతాయి. పైగా అచ్చు అరిగేకొద్దీ గీతలు మరీ మొద్దుబారుతాయి. కాబట్టి కొత్త అచ్చుతో, తగిన ఎడంతో, బాగా మెత్తబడిన బిళ్ళ మీద దెబ్బ పడినప్పుడే ఆరు మెట్లూ తేలుతాయి. ఆ తరువాత సంచిలో మరో నాణెం తగిలి మెట్ల మీద గాటు పడినా ఫలితం పోయినట్లే.

చేసి చూడండి

ఒక సీసా మూత, ఒక దువ్వెన, కొంచెం చపాతీ పిండి తీసుకోండి. గోలీకాయంత పిండిముద్దను దువ్వెన పళ్ళ మీద పెట్టి, మూతను బోర్లించి నొక్కండి. పిండి మూత లోపలి ఖాళీలోకి లేస్తుంది. దువ్వెన గుర్తులు అంతంతమాత్రంగానే పడతాయి. ఈసారి మూత నిండి పొర్లేటంత పిండి పెట్టి గట్టిగా నొక్కండి. పిండికి పైకి పోయే చోటు లేదు. పళ్ళ గుర్తులు లోతుగా, స్పష్టంగా పడతాయి. మూత జెఫర్సన్ తల, దువ్వెన మాంటిసెల్లో మెట్లు!

నాణేనికి మార్కులు

మీ జవాబు పత్రాలకు మార్కులు వేసినట్లే నాణేలకూ మార్కులు వేసే సంస్థలున్నాయి. అమెరికాలో 1980ల నడుమ ఇటువంటి సంస్థలు రెండు మొదలై ప్రసిద్ధి చెందాయి. సేకర్త నాణెం పంపి, రుసుము చెల్లిస్తాడు. పరీక్షకులకు ఆ నాణెం ఎవరిదో తెలియనివ్వరు. ఒకరికి మించిన పరీక్షకులు విడివిడిగా చూచి మార్కు వేస్తారు. తరువాత నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి, మార్కును, ఒక సంఖ్యను దాని మీద ముద్రిస్తారు.

మార్కులు 1 నుండి 70 వరకు ఉంటాయి. చేతులు మారి అరిగినవాటికి 58 వరకు, అసలు వాడనివాటికి 60 నుండి 70 వరకు వేస్తారు. ఐదు రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో కూడా లోపం కనిపించనిదే 70. నికెల్ నాణెంలో కనీసం ఐదు మెట్లు తెగకుండా, కలవకుండా ఉంటే మార్కు పక్కన "ఫుల్ స్టెప్స్" అని కూడా రాస్తారు. ఒక సంస్థ ఐదు మెట్లను, ఆరు మెట్లను విడివిడిగా పేర్కొంటుంది.

నూటికి కాకుండా 70కి మార్కులెందుకు? 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాతకాలపు రాగి సెంట్ల కోసం ఈ కొలబద్దను తయారు చేశాడు. అన్నిటికంటే చక్కని నాణెం ధర, పూర్తిగా అరిగిన నాణెం ధరకు సుమారు 70 రెట్లని ఆయన లెక్క. ఆ ధరలు ఎప్పుడో మారిపోయాయి, 70 మాత్రం మిగిలింది.

ఈ షెల్డన్ కథ అంతటితో అయిపోలేదు. 1977లో ఆయన మరణించిన తరువాత ఒక సంగతి బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి భాండారంలోని మేలైన సెంట్లను ఆయన తీసుకొని, వాటి స్థానంలో నాసిరకం సెంట్లు పెట్టాడు! ఎలా పట్టుకున్నారు? పాత ఫొటోలను నాణేలతో పోల్చి చూశారు. ప్రతి నాణెం మీదా ఉండే చిన్న గాట్లు, మచ్చలు మన వేలిముద్రల వంటివి. మంచి కొలబద్ద తయారు చేసినంత మాత్రాన మనిషి మాటను పరీక్షించకుండా నమ్మకూడదని దీనివల్ల తెలుస్తోంది.

ఇంకొక విషయం. కొందరు తక్కువ మార్కు వచ్చిన నాణేన్ని పెట్టె పగులగొట్టి తీసి మళ్ళీ పంపుతారు. ఒక్కొక్కసారి మార్కు మారుతుంది కూడా! బరువును త్రాసు చెబుతుంది, వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్ చెబుతుంది. 65కు, 66కు తేడాను చెప్పేది మాత్రం మనిషి కన్ను. ప్రయోగశాలలో ఒకే కొలతను మూడుసార్లు తీసుకోమని మీ ఉపాధ్యాయులు చెప్పేది ఇందుకే.

తోమవద్దు!

పాత నాణెం దొరకగానే చింతపండు పెట్టి తోమాలని మీకు అనిపిస్తుంది. ఆ పని చేయకండి. దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుండి అంచులకు జరుగుతుంది. ఆ కదలికకు గుర్తుగా కంటికి కనిపించనంత సన్నని గీతలు ఉపరితలం మీద మిగులుతాయి. కొత్త నాణేన్ని దీపం కింద మెల్లగా వంచితే బండిచక్రపు ఆకుల్లా మెరుపు తిరిగేది వాటివల్లనే. తోమితే ఆ గీతలు చెరిగిపోతాయి. వచ్చే మెరుపు వేరు. అనుభవం ఉన్నవారు దానిని చూడగానే పసిగడతారు. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి. పి.వి.సి. అనే మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో దాచకండి. వాటినుండి మెల్లగా వెలువడే ఆమ్లం రాగి ఉన్న నాణెం మీద పచ్చని జిగురు పట్టిస్తుంది.

మీ జేబులో ఏముంది?

నికెల్ నాణెం మీకు దొరకకపోవచ్చు. కాని చూసే పద్ధతి ఏ నాణేనికైనా ఒకటే. మన రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకసాలది. ఈ టంకసాల 1997 నుండి చర్లపల్లిలో పనిచేస్తోంది. వజ్రపు గుర్తు ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరపు పది బిళ్ళలు పోగుచేసి, భూతద్దంతో సింహాల ముఖాలను పోల్చండి. అన్నీ ఒకేలా ఉన్నాయా? లేకపోతే కారణం అచ్చు అరుగుదలా, ఒత్తిడి చాలకపోవడమా, వాడకంలో అరగడమా? ఈ మూడింటినీ వేరుచేసి చెప్పగలిగితే మీరు పరీక్షకులైనట్లే.

చివరగా ఒక హెచ్చరిక. "మీ దగ్గరున్న పాత ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తాం, ముందు రుసుము కట్టండి" అనే ప్రకటనలు మీ ఇంట్లో ఫోనులో కనిపించవచ్చు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. తాము ఇటువంటి వ్యాపారం చేయమనీ, రుసుములు అడగమనీ రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. అటువంటి ప్రకటన చూస్తే పెద్దలకు చెప్పి ఆపండి. పాతది అయినంత మాత్రాన నాణేనికి విలువ రాదు, తక్కువ తయారైనంత మాత్రాన కూడా రాదని ఇప్పుడు మీకు తెలుసు కదా!

ఆలోచించండి: 1. నాణెపు బిళ్ళను వేడిచేసి మెత్తబరచకుండానే అచ్చు వేస్తే ఏమవుతుంది? 2. మన రూపాయి బిళ్ళలో బొరుసు నిటారుగా కనిపించాలంటే పేజీలా తిప్పాలా, క్యాలెండరులా తిప్పాలా? 3. సింహాల ముఖాలకు సరిగ్గా వెనుక ఏ గుర్తు ఉంది? అది స్పష్టంగా పడిందా?