మీకు తెలుసా? అన్నకు నిషేధం, తమ్ముడికి లైసెన్స్
మామూలు తుపాకీ లైసెన్స్ చేతిలో ఉన్నా, బెజవాడవాసి పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్ కొనడానికి వీల్లేదు.

అది నిషిద్ధ బోరు (తూటా కొలత). దొరికేది దాని తమ్ముడు .315. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ; బోల్టు అదే లీ-ఎన్‌ఫీల్డ్ బాణీ. పేల్చిన ప్రతిసారీ బోల్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాల్సిందే. మారింది తూటా: 8 మి.మీ. రకం. కిటుకంతా అక్కడే ఉంది, ఇందులో .303 తూటా పనికిరాదు.

చవగ్గా వస్తుందని విదేశాల నుంచి తెప్పించుకుందామంటే కుదరదు. ఆ వెసులుబాటు ప్రధానంగా గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారులకే. 2019 ఆయుధాల చట్ట సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు 3 నుంచి 2కి తగ్గాయి. లైసెన్స్ కావాలంటే విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు, మచిలీపట్నం వైపు వాళ్లు కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవాలి.