కాందిశీకుల పునరావాసం: ఖర్చా? పెట్టుబడా?

ఇల్లూ ఊరూ విడిచి ప్రాణాలతో బయటపడి వచ్చినవాణ్ణి కాందిశీకుడు అంటాం. అతనికి నీడ, పని చూపించడమే పునరావాసం. ఈ మాట ఎత్తగానే “మనకే చాలకపోతే వాళ్ళకెక్కడ పెడతాం?” అనేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వియత్నాం తదితర దేశాల నుంచి పారిపోయిన వారికోసం 1979 జూలైలో జెనీవాలో అనేక దేశాలు సమావేశమై 2,60,000 మందికి చోటిస్తామని ఒప్పుకున్నాయి. అంతకు ముందే మన తెలుగువాళ్ళు ఈ కష్టం చవిచూశారు.

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు ‘రంగం’, అనగా రంగూన్ పోయి రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో కూలి చేసేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు వీరిని కోరంగీలన్నారు. 1942లో జపాను దాడికి చాలామంది అడవుల వెంట కాలినడకన వచ్చారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం ఏర్పడింది. దుకాణాలు జాతీయం చేసింది. 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది. కూడబెట్టినదంతా పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు ఆ రోజుల గుర్తే. అదే 1964 అక్టోబరులో శాస్త్రి–సిరిమావో ఒప్పందం ప్రకారం సిలోన్ నుంచి 5,25,000 మందిని తీసుకోవడానికి మన దేశం అంగీకరించింది. వీరిలో అత్యధికులు తేయాకు తోటల తమిళ కూలీలు.

ప్రభుత్వం ముందు శిబిరాల్లో ఉంచి, ఆ పైన వ్యాపారానికి, ఇంటికి అప్పులిచ్చింది. పుట్టినప్పటినుంచీ ఆకు కోయడమే తెలిసినవాడు అప్పు తెచ్చి కొట్టు పెడితే ఏం నిలుస్తుంది? చాలామందివి నిలవలేదు. అదే కేరళలో పునలూరు దగ్గర రబ్బరు తోటలు వేసి సిలోన్ వారికి పనిచ్చారు. 1976లో దానికో కంపెనీ పెట్టారు. అలవాటైన తోటపని దొరికింది, నిలిచారు. 1969లో వీరికోసమే మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పడింది. అందులో కేంద్రానికీ, మన రాష్ట్రంతో సహా దక్షిణాది ప్రభుత్వాలకూ, తిరిగొచ్చిన వారికీ వాటాలున్నాయి. ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తూ కేంద్రానికి లాభంలో వాటా చెల్లిస్తోంది.

మా రెడ్డిగూడెంలో మామిడి అంటు నాటిన రైతు మొదటి నాలుగైదేళ్ళూ ఖర్చే రాసుకుంటాడు. దాన్ని నష్టమని ఎవరూ అనరు. నేలకు తగని మొక్క నాటితేనే నష్టం. పునరావాసమూ అంతే. ఎంత ఇచ్చాం అన్నదొక్కటే కాదు, చేతికి తగిన పని ఇచ్చామా అన్నది లెక్క.

మిత్రులారా! పోలవరం ముంపు గ్రామాలవారు యుద్ధానికి భయపడి లేచినవారు కారు. మన పొలాలకు నీళ్ళు రావాలని లేచారు. రేపు ఉద్యోగాల్లోకి వెళ్ళి ఫైళ్ళు చూసేది మనమే. వాళ్ళకు ఇళ్ళెన్ని కట్టారో చూసి ఊరుకోకుండా, ఆ ఇంట్లో పొయ్యి ఏ పని మీద వెలుగుతోందో కూడా అడుగుదాం.