కుట్టిన చోట పుండైతే...

ఒకవైపు ఉస్మానియా క్యాంపస్ చెట్లు, మరోవైపు ఇరుకు గల్లీలు. వానలు మొదలైతే మాణికేశ్వర్‌ నగర్‌లో దోమలకు కొదవేముంటుంది! ఆ తర్వాత మెడికల్ షాపు దగ్గర వినపడే మాట ఇదీ: "అన్నా, దోమ కుట్టింది. గోకితే పుండైంది. రెండు యాంటీబయాటిక్ గోలీలియ్యి."

అడగాల్సింది గోలీ కాదు. "ఒకసారి చూసి చెప్పు" అని.

కుట్టగానే ఎర్రబడి, దద్దురు లేచి, దురద పెట్టడం ఇన్ఫెక్షన్ కాదు. దోమ లాలాజలం పడగానే ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ చేసే పని అది. సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలమైన్ లోషన్ రాస్తే సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. గోకి చర్మం చీరుకుంటేనే బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది. అందుకే పిల్లలకు ముందు గోళ్లు కత్తిరించండి.

రెండు మూడు రోజులయ్యాక నొప్పి పెరుగుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చీము పట్టినా అనుమానించాలి. ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, టైం రాసుకోండి. ఆ గీత దాటి పాకితే ఇక డాక్టరు దగ్గరికే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు. వాపు, వేడి, గట్టిదనం చూసుకోవాలి.

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి 'ఫార్మసీ ఫస్ట్' పథకం కింద ఏడు సమస్యలకు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇస్తున్నారు. ఇన్ఫెక్షన్ సోకిన పురుగుకాటు వాటిలో ఒకటి. అక్కడున్న మన పిల్లలకిది తెలిసే ఉంటుంది. మన దగ్గర అలా కుదరదు. యాంటీబయాటిక్ గోలీలు షెడ్యూల్ హెచ్, హెచ్1 మందులు. డాక్టరు చీటీ ఉండాల్సిందే. హెచ్1 మందైతే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. కాబట్టి "ఇవ్వను" అన్న ఫార్మసిస్టును విసుక్కోకండి. అన్నట్టు, కౌంటర్ వెనక నిలబడ్డ ప్రతివారూ ఫార్మసిస్టు కాదు. ఎవరో అడిగి, వారికే చూపించండి. షుగర్, గర్భం, మందుల అలర్జీ ఉంటే ముందే చెప్పండి.

"దురదకు బాగా పనిచేస్తుంది" అని ఎవరో చెప్పిన ట్యూబు మాత్రం కొనొద్దు. వాటిలో చాలావరకు స్టిరాయిడ్ ఉంటుంది. పైకి ఎరుపు తగ్గినట్టు కనిపిస్తూనే లోపల ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. 2018లో కేంద్రం ఇలాంటి పలు క్రీములను చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో చేర్చింది.

జ్వరం, చలి వచ్చినా, ఎర్రటి చార పైకి పాకినా, కాటు కంటి దగ్గర ఉన్నా, షుగర్ ఉన్నవారి కాలు వాచినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. బస్తీ దవాఖానాలో ఫీజు ఉండదు. కుట్టిన కాసేపటికే పెదాలు, నాలుక ఉబ్బి ఆయాసం వస్తే షాపుకీ వెళ్లొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.