‘వెరీ’ మెప్పు.. ‘టూ’ ముప్పు

క్రియావిశేషణం క్రియకే పరిమితమని పలువురు విద్యార్థులు భావిస్తుంటారు. ఆంగ్లంలో అది విశేషణానికీ, ప్రిపోజిషన్‌కూ బలం చేకూరుస్తుంది. తెలుగులో ‘చాలా’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే అలవాటు ఉన్నందున ‘వెరీ’, ‘టూ’ల వద్ద పొరపాటు జరుగుతుంది.

‘ది టీ ఈజ్ వెరీ హాట్’ అంటే టీ బాగా వేడిగా ఉందని. ‘టూ హాట్’ అంటే తాగలేనంత వేడి అని అర్థం. ప్రధానోపాధ్యాయుని క్రమశిక్షణను పొగడబోయి ‘టూ స్ట్రిక్ట్’ అని రాస్తే అది ఫిర్యాదుగా మారుతుంది. ఇవి విశేషణానికి ముందుంటాయి. ‘ఎనఫ్’ మాత్రం ‘ఓల్డ్ ఎనఫ్’ అన్నట్లు తర్వాత రావాలి.

ప్రిపోజిషన్‌కు ‘రైట్’, ‘జస్ట్’ వంటివి ముందు చేరతాయి. ‘సరిగ్గా బడి వెనుక’ అనేందుకు ‘రైట్ బిహైండ్ ది స్కూల్’, ‘పరీక్షకు కాస్త ముందు’ అనేందుకు ‘జస్ట్ బిఫోర్ ది ఎగ్జామ్’ అని రాయాలి.