పాత ఇంటికి కొత్త నక్షా: ముందుగా తేల్చుకోవలసినవి

నెల్లూరు జిల్లా తీరగ్రామాలలో తాతల నాటి ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. సముద్రపు గుల్లలను కాల్చి తీసిన సున్నంతో కట్టిన మందపాటి గోడలు, తాటి దూలాలు, పైన పెంకులు, ముందు వసారా, వెనుక పెరటిలో బావి. కావలి ప్రాంతంలో మా తాతగారు కట్టిన ఇల్లు కూడా అలాంటిదే. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన పెనుతుపానుకు దాని పెంకులు ఎగిరిపోయాయి. గోడలు మాత్రం నిలిచాయి. అప్పుడు మేము మదరసాలో విద్యార్థులం. సెలవులకు వచ్చినప్పుడు మా తండ్రిగారితో కలిసి కొత్త పెంకు నేయించాము.

ఆ ఇంటిని బాగుచేయించి, పైన మరో రెండు గదులు వేయాలని నిరుటి రంజాన్ తరువాత మేము, మా తమ్ముడు సంకల్పించాము. పని ఇంకా కాగితం మీదనే ఉంది. అయినా ఆ కాగితం మాకు నేర్పినది పాఠక సోదర సోదరీమణులకు కూడా ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఇది వ్రాస్తున్నాము.

ఇల్లు ఎవరిది?

ఇంజినీరు గారు కొలతలు తీసుకుని నక్షా గీశారు. యజమానుల పేర్లు అడిగితే మా పేరు, తమ్ముడి పేరు చెప్పాము. ఆ కాగితం ఇంట్లో చూపించిన సాయంత్రం అందరూ సంతోషించారు. సూళ్ళూరుపేట నుండి వచ్చిన మా పెద్ద చెల్లెలు మాత్రం చాలాసేపు దాని వంకే చూసి, "నేను వస్తే ఎక్కడ పడుకోవాలి, భాయ్‌జాన్?" అని అడిగింది. ఆమె అడిగినది పడక గురించే. కాని ఆ ప్రశ్నకు మాకు వెంటనే సమాధానం తోచలేదు.

మా తండ్రిగారు మరణించి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళుగా తరగతిలో 'సిరాజీ' గ్రంథం ముందుంచుకుని, వారసత్వ వాటాలను విద్యార్థుల చేత లెక్కకట్టిస్తూనే ఉన్నాము. సొంత ఇంటి లెక్క మాత్రం చేయలేదు. చెల్లెళ్ళు అడగలేదు గనుక వదులుకున్నారని మనసుకు సర్దిచెప్పుకున్నాము. అడగకపోవడం వేరు, వదులుకోవడం వేరు. వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందేమోనని నోరు మెదపని ఆడపడుచుల మౌనాన్ని సమ్మతిగా తీసుకునే హక్కు మనకు లేదు. తల్లిదండ్రులు విడిచిపోయిన దానిలో, అది కొద్దిదైనా ఎక్కువైనా, పురుషులకూ స్త్రీలకూ వాటా ఉన్నదని దివ్యఖుర్ఆన్ (అన్నిసా: 7) నిర్ణయించింది. మన దేశంలో 1937 నాటి షరీఅత్ చట్టం ప్రకారం కూడా ముస్లింల నివాసగృహానికి ఇదే నియమం.

ఆ రాత్రే లెక్క వేశాము. తాతగారికి మా తండ్రిగారు ఒక్కరే సంతానం. తండ్రిగారు పోయేనాటికి తాత, నాయనమ్మ లేరు. అప్పులూ లేవు, వీలునామా లేదు. ఇంటిని 48 భాగాలు చేస్తే మా తల్లిగారికి ఎనిమిదో వంతు, అంటే 6 భాగాలు. కొడుకులమిద్దరికీ తలా 14. చెల్లెళ్ళిద్దరికీ తలా 7.

చిన్న చెల్లెలు కూతురి చదువు కోసం తన వాటాను రొక్కంగా కోరింది. పెద్ద చెల్లెలు తన భాగం ఇంటిలోనే ఉంచమన్నది. రొక్కం చెల్లించేసరికి మేడగదుల కోసం దాచిన సొమ్ములో చాలాభాగం అయిపోయింది. కొడుకు పెళ్ళీడుకు వచ్చిన మా తమ్ముడికి ఇది కష్టంగానే తోచింది. రెండు మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. చివరికి తానే ఇంజినీరు గారి వద్దకు వెళ్ళి మేడ తీసివేయించాడు. కొత్త నక్షాలో పెరటివైపు పెద్ద చెల్లెలికి ఒక గది ఉంది. యజమానుల పేర్లు నాలుగు.

ఉప్పుగాలి, పాతగోడ

మేడ మానుకోవడంలో మరో మేలు కూడా ఉందని ఇంజినీరు గారు వివరించారు. సున్నపు గోడల మీద నేరుగా పై అంతస్తు వేయరాదు. పునాదిని పరీక్షించి, వేరుగా స్తంభాలు లేపవలసి ఉంటుంది. తీరప్రాంతంలో ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము త్రుప్పు పడుతుంది. త్రుప్పు ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456, సముద్రతీర వాతావరణానికి గురయ్యే కట్టడాలలో ఇనుముపై కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలనీ, కాంక్రీటు ఎం-30 రకానికి తగ్గరాదనీ చెబుతున్నది. దగ్గరలో దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుక వాడితే ఉప్పును మనమే గోడలోకి చేర్చినట్లు.

పాత సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పూత పెచ్చులూడుతుంది. సున్నానికి సున్నమే మేలు. ఇల్లు సముద్రపు పోటురేఖకు 500 మీటర్ల లోపల ఉంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తించవచ్చు. నక్షా గీయించక ముందే ఆ సంగతి కనుక్కోవాలి.

కాగితం మీదనే మర్యాదలు

అనుమతి కోరే నియమం చూపు కారణంగానే ఏర్పడిందని హదీసు తెలుపుతున్నది. మొదటి నక్షాలో వీధి తలుపు తెరిస్తే వంటగది వరకు కనిపించేది. తలుపును రెండు మూరలు పక్కకు జరిపాము. అతిథులు దివాన్‌ఖానా నుండి నేరుగా వసారాలోకి వెళ్ళే దారి పెట్టాము. మన ప్రాంతానికి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది గనుక మరుగుదొడ్డిలో కూర్చునే దిశను ఉత్తర దక్షిణాలకు మార్పించాము. ఇది మేస్త్రీకి ఆనాడు చెబుదాములే అని వదిలేసే విషయం కాదు. మా తల్లిగారు మోకాళ్ళ నొప్పితో రాత్రివేళ మెట్టు దిగలేరు. స్నానాల గదిని ఆమె గది పక్కకే తెచ్చి, మధ్య మెట్టు తీసివేశాము. వుజూ నీరు పెరటిలోని కరివేపాకు, నిమ్మ మొక్కలకు పారుతుంది.

ఉత్తరపు గోడ మాకూ పొరుగువారికీ ఉమ్మడి. తన గోడపై పొరుగువాడు దూలం మోపుకోవడాన్ని అడ్డుకోరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధ మనం ఇచ్చే చోట పాటించడానికి. తీసుకునే చోట అడిగి తీసుకోవడమే మర్యాద. కాగితం పట్టుకుని వెళ్ళి అడిగాము. "మీ తాత, మా తాత కలిసి లేపిన గోడే కదా, మౌల్వీగారూ" అన్నారాయన. తరువాత నెమ్మదిగా, కార్తీక మాసపు వానలకు మా చూరునీరు తన గాదె వైపు పడుతున్నదని చెప్పారు. ఇన్నేళ్ళూ ఆయన ఆ మాట అనలేదు. చూరువాలు మా పెరటివైపుకు మళ్ళింది.

పాత ఇంటిని తిరగకట్టాలనుకునే సోదరులకు మా మనవి ఒక్కటే. ఇంజినీరును పిలవక ముందు ఇంటిల్లిపాదినీ, మెట్టినింటి చెల్లెళ్ళతో సహా, కూర్చోబెట్టండి. వారసుల పేర్లు పైకి చదవండి. వాటాలు తేల్చి, కాగితంపై వ్రాయించండి. గీత మార్చడానికి రబ్బరు చాలు. గోడ లేచిన తరువాత అదే పని పగలకు దారితీస్తుంది.

ఈ ఏటి ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక, జనవరిలో, ఇన్‌షా అల్లాహ్ మా ఇంటి పని మొదలవుతుంది. పెరటి గదికి కిటికీ ఎటు ఉండాలో పెద్ద చెల్లెలు ఇంకా తేల్చలేదు. తూర్పుకే పెట్టమంటుందని మా తల్లిగారు అంటున్నారు. హక్కుదారుల హక్కులు చెల్లించిన ఇళ్ళలో నివసించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.